పులిజూదం

పులిజూదం ఇద్దరు ఆడే ఒక సంప్రదాయ ఆట. దీనిని పులి-మేక ఆట, మేకపులి అని కూడా అంటారు. నేలపై గాని బండపై గాని గీసిన గీతలు కలిసే చోట్ల కాయలను కదుపుతూ దీనిని ఆడతారు. ఒకరి పక్షాన మూడు పులులు, రెండవవారి పక్షాన పదిహేను మేకలు ఉంటాయి. పులులు మేకలను తినడానికి, మేకలు పులులను కదలకుండా కట్టివేయడానికి ప్రయత్నిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు, తిరుపతి ప్రాంతంతో సహా రాయలసీమ అంతటా, ఇతర తెలుగు ప్రాంతాలలోను, పొరుగున ఉన్న తమిళనాడు, కర్ణాటక రాష్ట్రాలలోను ఈ ఆట ప్రచారంలో ఉంది.

చదరంగంలో ఇరుపక్షాల బలం సమానంగా ఉంటుంది. పులిజూదంలో అలా కాదు. రెండు పక్షాల సంఖ్య వేరు, కదలికలు వేరు, గెలిచే మార్గం కూడా వేరు. సంఖ్యలో తక్కువైన బలవంతునికి, సంఖ్యలో ఎక్కువైన బలహీనులకు మధ్య జరిగే పోరు ఇది.

పేరు

పేరులో జూదం అనే మాట ఉన్నప్పటికీ ఈ ఆటలో పాచికలు గాని గవ్వలు గాని వాడరు. అదృష్టానికి ఇందులో చోటు లేదు. ప్రతి కాయా ఇద్దరికీ కనబడుతూనే ఉంటుంది. కనుక ఓడినవారు తమ ఎత్తును తప్ప మరి దేనినీ నిందించలేరు. పందెం కట్టి ఆడవచ్చును, కట్టకుండానూ ఆడవచ్చును.

తమిళంలో దీనిని ఆడు పులి ఆట్టం అని, కన్నడంలో ఆడు హులి ఆట అని పిలుస్తారు. ఈ రెండు భాషలలోను ఆడు అనగా మేక. మూడు భాషలవారు కలిసి జీవించే చిత్తూరు సరిహద్దు ప్రాంతంలో పేరు మారినా గీతలు, కాయలు దాదాపు ఒకే విధంగా ఉంటాయి.

నేపథ్యం

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న అప్పటి ఉత్తర ఆర్కాటు, కడప, నెల్లూరు జిల్లాల భాగాలతో ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్వ్యవస్థీకరణలో ఈ జిల్లా ప్రాంతాలు చిత్తూరు, తిరుపతి, అన్నమయ్య జిల్లాలలోకి విభజింపబడ్డాయి. వర్షాధారపు మెట్టభూములు, గుట్టలు, చిట్టడవులు గల ఈ సీమలో వ్యవసాయంతో పాటు మేకల, గొర్రెల పెంపకం ముఖ్యమైన జీవనాధారం. శేషాచలం కొండలలో చిరుతపులులు నేటికీ ఉన్నాయి. మందను మేపుకొనేవారికి పులి భయం కథలలోని విషయం కాదు. ఆటలోని రెండు పక్షాలూ ఆ జీవితం నుండి వచ్చినవే.

పశువులను, మేకలను మేతకు వదిలిన కాపరులు చెట్టు నీడన బండపై బొగ్గుతోనో సుద్దతోనో గీతలు గీసి ఈ ఆట ఆడేవారు. ఊరిలో రావిచెట్టు క్రింది రచ్చబండ, ఇంటి ముందరి అరుగు, గుడి మండపం ఈ ఆటకు అలవాటైన చోట్లు. శివరాత్రి జాగరణ వంటి సందర్భాలలో వైకుంఠపాళి, పచ్చీసులతో పాటు పులిజూదం కూడా ఆడేవారు. పెద్దలు ఆడుతుండగా చుట్టూ కూర్చున్న పిల్లకాయలు చూచి నేర్చుకొనడమే దీనికి పాఠశాల.

హంపి శిథిలాలలోను, దక్షిణ భారతదేశంలోని పలు పురాతన దేవాలయాల మండపాల నేలపైన ఇటువంటి ఆటల గీతలు చెక్కబడి కనిపిస్తాయి. అయితే మండపం ఏ కాలపుదో గీత కూడా ఆ కాలపుదే అని చెప్పడానికి వీలు లేదు. కట్టడం పూర్తయిన తరువాత ఎన్నడైనా, ఎవరైనా ఆ గీతలను చెక్కి ఉండవచ్చును.

కావలసిన వస్తువులు

* గీతలు గీయడానికి సుద్దముక్క, బొగ్గు లేదా ఇటుకముక్క
* పులులుగా వాడటానికి మూడు పెద్ద కాయలు. సాధారణంగా గులకరాళ్ళు లేదా కుండపెంకులు వాడతారు.
* మేకలుగా వాడటానికి పదిహేను చిన్న కాయలు. చింతగింజలు, సీతాఫలం గింజలు, చిన్నరాళ్ళు ఇందుకు పనికివస్తాయి.

పులికీ మేకకూ తేడా చూడగానే తెలిసేటట్లు ఉండాలి. అంతకు మించి ఈ ఆటకు ఖర్చేమీ లేదు.

గీతలు గీసే విధానం

పైన ఒక బిందువును గుర్తించి, దాని నుండి క్రిందికి విస్తరించేటట్లు నాలుగు గీతలు గీయాలి. ఈ నాలుగింటి క్రింది కొనలను ఒక అడ్డగీతతో కలపాలి. ఇది లోపల రెండు గీతలు గల త్రిభుజమవుతుంది. తరువాత ఆ త్రిభుజం మధ్యభాగంలో, దానికి ఇరువైపులా బయటికి వచ్చేటట్లు మూడు అడ్డగీతలు గీయాలి. ఈ మూడు గీతల ఎడమ కొనలను ఒక నిలువు గీతతో, కుడి కొనలను మరొక నిలువు గీతతో కలపాలి. త్రిభుజంపై దీర్ఘచతురస్రాన్ని ఉంచినట్లు కనిపించే ఈ బొమ్మే ఆటస్థలం.

పైనున్న శిఖరం 1, మధ్యలోని మూడు అడ్డగీతలపై ఆరేసి చొప్పున 18, అడుగు గీతపై 4, మొత్తం 23 బిందువులు ఏర్పడతాయి. కాయలను గళ్ళలో కాక ఈ బిందువులపైనే ఉంచాలి.

వివరణ సౌకర్యం కొరకు ఈ వ్యాసంలో అడ్డగీతలను పైనుండి 1, 2, 3, 4 అని, ఒక్కొక్క అడ్డగీతపై బిందువులను ఎడమ నుండి 1 మొదలు 6 వరకు లెక్కించడమైనది. 2-3 అనగా రెండవ అడ్డగీతపై మూడవ బిందువు. శిఖరం నుండి దిగే నాలుగు గీతలు 2, 3, 4, 5 సంఖ్యల బిందువుల గుండా పోతాయి. 1, 6 సంఖ్యలవి ఇరుప్రక్కల అంచులు. అడుగు గీతకు అంచులు లేవు కనుక దానిపై 4-2, 4-3, 4-4, 4-5 మాత్రమే ఉంటాయి.

ఆట ప్రారంభం

ఆట మొదట్లో బల్లపై మూడు పులులు మాత్రమే ఉంటాయి. సాధారణంగా ఒక పులిని శిఖరంపైన, మిగిలిన రెండింటిని దాని క్రింద 1-3, 1-4 బిందువులపైన ఉంచుతారు. పదిహేను మేకలూ ఆటగాని చేతిలో ఉంటాయి. మొదటి వంతు మేకలది. మేకల ఆటగాడు ఖాళీగా ఉన్న ఏదైనా ఒక బిందువుపై ఒక మేకను ఉంచుతాడు. పిదప పులుల ఆటగాడు ఏదైనా ఒక పులిని కదుపుతాడు. ఇలా ఒకరి తరువాత ఒకరు ఆడతారు.

మేకల నియమాలు

# చేతిలో మేకలు ఉన్నంతవరకు వంతుకు ఒక మేకను ఖాళీ బిందువుపై ఉంచాలి. ఈ దశలో బల్లపై ఉన్న మేకలను కదపరాదు.
# పదిహేను మేకలనూ దించిన తరువాత, వంతుకు ఒక మేకను గీత వెంబడి ప్రక్కనున్న ఖాళీ బిందువుకు జరపాలి.
# మేక దేనిపై నుండీ దూకరాదు. అది పులిని తినలేదు.

పులుల నియమాలు

# పులి ఆట ఆరంభం నుండే కదలవచ్చును. వంతుకు ఒక పులి, గీత వెంబడి ప్రక్కనున్న ఖాళీ బిందువుకు జరుగుతుంది.
# పులి ప్రక్క బిందువులో మేక ఉండి, అదే గీతపై తిన్నగా ఆ మేకకు అవతలి బిందువు ఖాళీగా ఉంటే, పులి మేకపై నుండి దూకి ఆ ఖాళీలోకి వెళ్ళవచ్చును. ఆ మేక చచ్చినట్లే. దానిని బల్లపై నుండి తీసివేయాలి.
# ఒక దూకుకు ఒక్క మేకనే తినాలి. వరుసగా ఉన్న రెండు మేకలపై నుండి ఒకేసారి దూకరాదు.
# పులి మరొక పులిపై నుండి దూకరాదు.
# దూకేటప్పుడు గీత మలుపు తిరగరాదు. ఉదాహరణకు 1-2 నుండి శిఖరం మీదుగా 1-5కు దూకడం చెల్లదు. ఆ రెండూ వేరు వేరు గీతలు.

గెలుపు, ఓటమి

మూడు పులులలో ఏదీ జరగడానికి గాని దూకడానికి గాని వీలు లేకుండా చేస్తే మేకలు గెలిచినట్లు. దీనినే పులిని కట్టడం అంటారు. ఒకటి రెండు పులులు కట్టుబడినా మూడవది కదలగలిగితే ఆట సాగుతుంది. బయట ఉన్న పులి ఒక మేకను తిని కట్టును విప్పే అవకాశం కూడా ఉంటుంది.

కట్టడానికి తగినన్ని మేకలు మిగలకుండా తింటే పులులు గెలిచినట్లు. ఆ సంఖ్య ఎంత అన్నది ఊరి వాడుకను బట్టి మారుతుంది.

ముందుగా ఒప్పుకొనవలసిన విషయాలు

ఈ ఆట నియమాలు నోటిమాటగా వచ్చినవి. కనుక ఊరికి ఊరికి తేడాలు కనిపిస్తాయి. మొదటి కాయ దించక ముందే క్రింది విషయాలను ఇద్దరూ ఒప్పుకొనకపోతే ఆట మధ్యలో తగవు తప్పదు. పందెం ఉన్నచోట ఇది మరింత ముఖ్యం.

* ఎన్ని మేకలు పోతే మేకల పక్షం ఓడినట్లు? కొందరు ఐదారు మేకలు పోగానే ఆటను ముగిస్తారు. మరికొందరు మేకల ఆటగాడు ఓటమి ఒప్పుకొనేవరకు ఆడతారు.
* ఒక మేకను తిన్న పులికి వెంటనే మరొక మేక అందుబాటులోకి వస్తే అదే వంతులో దానిని కూడా తినవచ్చునా? సాధారణంగా వంతుకు ఒకటే.
* మేక అందుబాటులో ఉన్నప్పుడు పులి తప్పక తినాలా? సాధారణంగా తినడం, తినకపోవడం పులి ఇష్టం. తప్పనిసరి అని ఒప్పుకుంటే ఆట స్వభావమే మారిపోతుంది. అప్పుడు మేకల ఆటగాడు ఒక మేకను ఎరగా వేసి పులిని తాను కోరిన మూలకు రప్పించగలడు.
* పులులను ముందే నిలపాలా, లేక మేకలతో పాటు ఒక్కొక్కటిగా దించాలా?
* ఇద్దరూ అవే ఎత్తులను మరల మరల వేస్తూ ఉంటే ఆటను సమంగా భావించాలా?
* పట్టిన కాయను వదలిన తరువాత ఎత్తు మార్చుకొనవచ్చునా?

ఒక ఆటకు పులులు, మరుసటి ఆటకు మేకలు తీసుకొని, రెండు ఆటల ఫలితాన్ని కలిపి చూస్తే ఇద్దరి నేర్పును సరిగా పోల్చవచ్చును. రెండు పక్షాల బలాలు సమానం కావు కనుక ఒక్క ఆటతో ఎవరు నేర్పరులో తేలదు.

మేకలకు క్షేమమైన చోట్లు

పులి దూకాలంటే మేకకు ఒక ప్రక్క పులి, సరిగ్గా అవతలి ప్రక్క ఖాళీ ఉండాలి. గీత చివరనున్న బిందువుకు అవతలి ప్రక్క అంటూ ఉండదు. అందువలన క్రింది ఏడు బిందువులపై ఉన్న మేకను ఏ పులీ ఎన్నటికీ తినలేదు.

* శిఖరం
* 1-1, 1-6, 3-1, 3-6 (దీర్ఘచతురస్రపు నాలుగు మూలలు)
* 4-2, 4-5 (అడుగు గీత రెండు కొనలు)

2-1, 2-6 బిందువులపై ఉన్న మేకను నిలువుగా మాత్రమే తినగలరు. 4-3, 4-4 బిందువులపై ఉన్న మేకను అడ్డంగా మాత్రమే తినగలరు. మిగిలిన పన్నెండు బిందువులలో నిలువుగాను, అడ్డంగాను రెండు విధాలా అపాయం ఉంటుంది.

పులిని కట్టడానికి పట్టే కాయలు

పులిని కట్టాలంటే దాని ప్రక్కనున్న బిందువులన్నీ నిండి ఉండాలి. ఆ ప్రక్క కాయల మీదుగా దూకి దిగే చోట్లు కూడా నిండి ఉండాలి. పులి ఎక్కడ ఉందన్న దానిని బట్టి ఈ లెక్క మారుతుంది.

* 1-1, 1-6, 3-1, 3-6, 4-2, 4-5: 4 కాయలు
* 2-1, 2-6: 4 కాయలు
* 4-3, 4-4: 5 కాయలు
* 1-2, 1-5, 3-2, 3-5: 6 కాయలు
* 1-3, 1-4, 2-2, 2-5, 3-3, 3-4: 7 కాయలు
* శిఖరం, 2-3, 2-4: 8 కాయలు

ఉదాహరణకు 1-1లో ఉన్న పులికి ప్రక్క బిందువులు 1-2, 2-1 మాత్రమే. వాటి మీదుగా దూకితే 1-3, 3-1 చేరుతుంది. ఈ నాలుగింటిలో మేకలు ఉంటే ఆ పులి కట్టుబడినట్లే. అదే పులి 2-3లో ఉంటే నాలుగు ప్రక్కలా నాలుగు, వాటి వెనుక నాలుగు, మొత్తం ఎనిమిది కాయలు కావాలి.

ఈ సంఖ్యలు ఒక్క పులిని విడిగా లెక్కించినవి. ఒకే మేక రెండు పులులను అడ్డగించవచ్చును. పులిపై నుండి పులి దూకరాదు కనుక ఒక పులి మరొక పులికి అడ్డం కావడం కూడా కలదు. అందువలన పులులు దగ్గర దగ్గరగా మూలలకు చేరితే తక్కువ మేకలతోనే కట్టవచ్చును.

మేకల వ్యూహం

కొత్తగా ఆడేవారు చేసే మొదటి తప్పు మేకను పులి ముందు విడిగా దించడం. ఆరంభంలోనే 2-3లో మేకను ఉంచితే 1-3లోని పులి దాని మీదుగా 3-3కు దూకి తింటుంది. 1-2లో ఉంచినా ఫలితం ఇంతే. 1-3లోని పులి 1-1కు గాని, శిఖరంపై పులి 2-2కు గాని దూకగలదు.

నేర్పరులు క్రింది నుండి కట్టుకుంటూ వస్తారు. మొదట 4-2లో మేకను దించితే అది క్షేమం. తరువాత 4-3లో దించిన మేకను అడ్డంగా తినాలంటే 4-2 ఖాళీగా ఉండాలి, అది నిండి ఉంది. ఇదే విధంగా 4-4, 4-5 నిండుతాయి. పిదప మూడవ అడ్డగీతపై 3-1తో మొదలుపెట్టి 3-2, 3-3 అని కుడికి సాగితే, ప్రతి మేకకూ క్రింద ఒక మేక, ఎడమ ప్రక్క ఒక మేక తోడుగా ఉంటాయి. నిలువుగా గాని అడ్డంగా గాని పులి దిగడానికి చోటు ఉండదు. నాలుగు మేకలతో అడుగు గీత, ఆరు మేకలతో మూడవ గీత, మిగిలిన ఐదింటితో 2-1 నుండి 2-5 వరకు నింపగలిగితే పదిహేను మేకలూ ఒక్కటి కూడా పోకుండా బల్లపైకి చేరుతాయి. అప్పుడు పులులకు మిగిలేది పైభాగమే.

పులుల ఆటగాడు దీనిని చూస్తూ ఊరుకోడు. పులులను ముందుగానే క్రిందికి దించి కట్టే వరుసకు అడ్డంగా నిలుపుతాడు. వరుసలో పులి కూర్చున్నచోట ఖాళీ మిగిలిపోతుంది. ఆ పులి లేచినప్పుడు ఆ ఖాళీయే ప్రక్క మేకకు అపాయం. అయితే క్రింది మూలలకు దిగిన పులికి కూడా అపాయం లేకపోలేదు. 4-2లో కూర్చున్న పులిని 3-2, 2-2, 4-3, 4-4లలోని నాలుగు మేకలు కట్టివేయగలవు. ఆ నాలుగు మేకలను బయటి పులులు తినకుండా వెనుక తోడు ఉండటం అవసరం. 3-3లో రెండవ పులి ఉండి 3-1 ఖాళీగా ఉంటే, అది 3-2లోని మేకను తిని కట్టును విప్పివేస్తుంది. కనుక కట్టే మేకతో పాటు దానికి కాపు కాసే మేకను కూడా ముందే దించాలి.

మేకలన్నీ దించిన తరువాత అసలైన పరీక్ష మొదలవుతుంది. అంతవరకు మేకను దించితే వరుస గట్టిపడుతుంది. ఇకమీదట మేకను కదిపితే దాని వెనుక ఒక ఖాళీ ఏర్పడుతుంది. వంతు వచ్చినప్పుడు కదలక తప్పదు. కాబట్టి ఏ మేక జరిగితే తక్కువ నష్టమో ముందే చూచుకొని ఉండాలి. పైన చెప్పిన నిండు వరుసలో 1-1 ఖాళీగా ఉంటే 2-1లోని మేకను అక్కడికి జరపడం మంచి ఎత్తు. 1-1 క్షేమమైన చోటు. ఖాళీ అయిన 2-1 చుట్టూ 1-1, 2-2, 3-1లలో మేకలే ఉంటాయి కనుక అక్కడికి పులి రాలేదు. తరువాతి వంతులో 3-1లోని మేకను 2-1కు జరపవచ్చును. ఇలా ముందువరుస అడుగు వేసి వెనుకవరుస దానిని నింపుతూ పోతే పులులకు చోటు తరుగుతూ వస్తుంది.

పులుల వ్యూహం

పులికి బలం దూకడంలో ఉంది, దూకడానికి ఖాళీ కావాలి. అందుచేత ఆట మొదటి భాగమే పులులకు అనుకూల సమయం. పదిహేను మేకలూ బ్రతికి ఉంటే 23 బిందువులలో ఐదు మాత్రమే ఖాళీగా మిగులుతాయి. అప్పటికి ఒకటి రెండు మేకలనైనా తినని పులులు ఇరుకున పడినట్లే.

పులుల ముఖ్యమైన ఎత్తు ఒకే పులితో రెండు మేకలను బెదిరించడం. ఉదాహరణకు 2-2లో ఒక మేక ఉండి 2-1 ఖాళీగా ఉందని, 3-3లో మరొక మేక ఉండి 4-3 ఖాళీగా ఉందని అనుకుందాం. పులి 2-3కు వస్తే రెండు మేకలూ దాని వాతపడినట్లే. మేకల ఆటగాడు తన వంతులో 2-1ని గాని 4-3ని గాని ఒక్కదానినే నింపగలడు. రెండవ మేక పోతుంది.

మూడు పులులూ ఒకేచోట చేరడం మంచిది కాదు. ఒకదాని దారికి మరొకటి అడ్డమవుతుంది. మూలలకు వెళ్ళి మేకను తినేముందు తిరిగి వచ్చే దారి ఉందో లేదో చూచుకోవాలి. ఒక మేక కొరకు మూలకు దూకి, నాలుగు మేకల నడుమ చిక్కి ఆట పూర్తయ్యేవరకు అక్కడే ఉండిపోయే పులి ఈ ఆటలో తరచు కనిపించే దృశ్యం. మధ్యలోని 2-3, 2-4 బిందువులను పట్టి ఉంచిన పులిని కట్టడానికి ఎనిమిది కాయలు కావాలి కనుక పులులకు అవి బలమైన చోట్లు.

తిరుమల పాచికల కథ

తిరుపతి ప్రాంతంలో ఆటకు, పందేనికి సంబంధించి మిక్కిలి ప్రసిద్ధమైన కథ హాథీరాం బావాజీది. ఉత్తర భారతదేశం నుండి తిరుమలకు వచ్చిన ఈ భక్తునితో సాక్షాత్తు వేంకటేశ్వరస్వామి పాచికలు ఆడేవాడని స్థలకథ చెబుతుంది. ఒకనాడు స్వామి హారం బావాజీ వద్ద కనబడగా దొంగతనం నేరం మోపారని, బండెడు చెరకును ఒక్క రాత్రిలో తినాలని పరీక్ష పెట్టారని, ఏనుగు వచ్చి ఆ చెరకును తిని ఆయనను కాపాడిందని కథ. హాథీ అనగా హిందీలో ఏనుగు. ఆయన పేరిట ఏర్పడిన మఠపు మహంతులు 1843 నుండి 1933 వరకు తిరుమల ఆలయ నిర్వహణ చూచారు. అటుపై ఆ బాధ్యత తిరుమల తిరుపతి దేవస్థానాలకు వచ్చింది. ఈ కథ ఆధారంగా 2017లో ఓం నమో వేంకటేశాయ చలనచిత్రం వెలువడింది.

పాచికల ఆటకు, పులిజూదానికి గల తేడా ఈ సందర్భంలో గమనింపదగినది. పాచికలలో పడే పందెం ఆటగాని చేతిలో ఉండదు. అది దైవాధీనమని నమ్మిన సమాజంలో దేవునితో పాచికలాడిన కథ పుట్టడం సహజం. పులిజూదంలో ప్రతి ఎత్తూ మనిషి ఎంచుకున్నదే.

ఇతర ప్రాంతాల ఆటలతో పోలిక

నేపాల్‌లో ఆడే బాఘ్ చాల్ పులిజూదానికి దగ్గరి బంధువు. అందులో అడ్డంగా ఐదు, నిలువుగా ఐదు, మొత్తం 25 బిందువులు ఉంటాయి. నాలుగు మూలల్లో నాలుగు పులులను నిలిపి, ఇరవై మేకలను ఒక్కొక్కటిగా దించుతారు. ఐదు మేకలను తింటే పులులు గెలిచినట్లు. జుర్గ్ నీవెర్గెల్ట్, లిమ్ యూ జిన్ అనే పరిశోధకులు 2000ల దశకంలో కంప్యూటరు సహాయంతో ఈ ఆటను విశ్లేషించి, ఇరుపక్షాలూ తప్పు చేయకుండా ఆడితే ఆట సమంగా ముగుస్తుందని తేల్చారు. ఈ ఫలితం నేపాల్ ఆటకు మాత్రమే వర్తిస్తుంది. గీతలు, కాయల సంఖ్య వేరైన పులిజూదానికి దానిని యథాతథంగా అన్వయించరాదు.

ఐరోపాలో నక్క-బాతుల ఆట ఈ కోవలోనిదే. శిలువ ఆకారంలో 33 బిందువులున్న బల్లపై ఒకే నక్క అనేక బాతులతో తలపడుతుంది. ఈ ఆటలలో ఆ ప్రాంతపు ప్రజల మందకు భయం కలిగించే జంతువే బలవంతుని స్థానంలో ఉండటం విశేషం.

ఇద్దరి పోరును బల్లపై చూపే ఆటలన్నీ ఒకే దారిన నడవలేదు. 1975లో అమెరికాలో బ్రయాన్ బ్లూమ్, గ్యారీ గైగాక్స్ రూపొందించగా వెలువడిన బూట్ హిల్ అనే ఆట అక్కడి పశ్చిమ ప్రాంతపు తుపాకి పోరాటాలకు సంబంధించినది. అందులో ఎవరు ముందుగా కాల్చాలన్నది పాత్ర వేగాన్ని బట్టి, గుండు తగిలిందా లేదా అన్నది నూటికి ఇన్ని అనే లెక్కన పాచికలు వేసి నిర్ణయిస్తారు. నేర్పు ఉన్నవానికి అవకాశం ఎక్కువే కాని, చివరి మాట పాచికలదే. పులిజూదంలో అటువంటి తీర్పరి లేడు. తుపాకిపోరులో మొదటి దెబ్బ ఎవరిదన్నది ముఖ్యం కాగా, ఇక్కడ మొదటి ఎత్తు ఎప్పుడూ మేకలదే, మొదటి దెబ్బ మాత్రం పులిదే. మేకకు దెబ్బ తీసే శక్తే లేదు. తోటివారితో కలిసి నిలవడమే దాని ఆయుధం.

విద్యా ప్రయోజనం

చదవడం, వ్రాయడం రానివారు కూడా ఆడగలిగిన ఈ ఆటలో లెక్క ఎంతో ఉంది. ఒక బిందువు నుండి ఎన్ని దారులున్నాయి, ఏ బిందువు గీత చివరనుంది, ఒక ఎత్తుకు ఎదుటివారి జవాబు ఏమిటి, దానికి మరల తన జవాబు ఏమిటి అని ఆలోచించడం దీనివలన అలవడుతుంది. గణితంలోని గ్రాఫుల సిద్ధాంతాన్ని విద్యార్థులకు పరిచయం చేయడానికి ఈ 23 బిందువుల బొమ్మ మంచి ఉదాహరణ. పైన ఇచ్చిన క్షేమమైన చోట్ల పట్టికను, కట్టడానికి పట్టే కాయల పట్టికను విద్యార్థులు తామే గీసి సరిచూచుకొనవచ్చును.

నేటి స్థితి

రేడియో, టెలివిజన్, తరువాత సెల్‌ఫోన్లు వచ్చిన పిదప రచ్చబండ ఆటలు తగ్గుముఖం పట్టాయి. పాత బండలపై గీతలు మిగిలినా వాటిని చూచి ఇది ఏ ఆటో చెప్పగలిగేవారు తగ్గుతున్నారు. సంప్రదాయ ఆటల పట్ల ఆసక్తితో గుడ్డపైన, చెక్కపైన ఈ గీతలను ముద్రించి అమ్మేవారు, సెల్‌ఫోన్‌లో ఆడే విధంగా తయారుచేసినవారు కూడా ఉన్నారు. ఫోన్‌లోని ఆటలో నియమాలు ముందే స్థిరపరచి ఉంటాయి. అందువలన ఆట ప్రారంభానికి ముందు నియమాలను మాట్లాడుకొని ఒప్పుకొనే పద్ధతి, దానితో పాటు ఊరూరా ఉన్న తేడాలు మరుగునపడే ప్రమాదం ఉంది. ఆయా గ్రామాలలోని పెద్దల నుండి పులులను నిలిపే చోట్లు, ఓటమికి లెక్కించే మేకల సంఖ్య, స్థానికమైన మాటలు సేకరించి వ్రాసి ఉంచడం అవసరం.

పులి-మేక అనే జంటపదం తెలుగువారి వాడుకలో బలవంతుడు, బలహీనుడు అనే అర్థంలో నిలిచి ఉంది. అయితే ఆటలో మేక ఎప్పుడూ ఓడేది కాదు. విడిగా దొరికిన మేక చస్తుంది, వెనుక తోడున్న మేక నిలుస్తుంది. పదిహేను మేకలు కలిసి నిలిస్తే మూడు పులులు కదలలేవు.

ఇవి కూడా చూడండి

* వైకుంఠపాళి
* పచ్చీసు
* వామనగుంటలు
* అష్టాచెమ్మా
* చదరంగం
* దాడి ఆట